కుడి నడుముకు కట్టే కత్తి

2023. విజయనగరంలో పైడితల్లమ్మ పండగ అయిపోయిన వారం. కోట పక్క సందులో నా పాత సామాన్ల కొట్టు. ఇత్తడి గంగాళాలు, చెవులు పోయిన తాళాలు, దివాణాల్లో రాలిపోయిన షాండిలియర్ ముక్కలు, వాటి మధ్య నేను. నలభై ఆరేళ్లుగా అక్కడే కూర్చుని ఉన్నాను. ఈ కాలంలో నా చేతుల మీదుగా పదివేల కత్తులు వెళ్లాయి.

పదివేలనగానే లెక్కలొచ్చినవాళ్లు కాగితం తీస్తారు కాబట్టి ముందే ఒప్పుకుంటాను. మూడు వందలు. అందులో సగం కూరగాయలు తరిగేవి.

అయినా కత్తిని గుర్తుపట్టడం ఒక విద్య. మా వృత్తిలో ముందు చూసేది టాంగ్. అంటే పిడి లోపలికి దూరి ఉండే కత్తి తోక. పైన ఎన్ని నగిషీలు చెక్కినా ఆ తోక అబద్ధమాడదు. తర్వాత ప్యాటినా. అంటే ఏళ్లు గడిచేకొద్దీ లోహం మీద కట్టే నల్లటి పొర. తుప్పు ఇనుమును తినేస్తుంది, ప్యాటినా కాపాడుతుంది. నిమ్మకాయ పెట్టి దాన్ని తోమేసి “తళతళలాడిపోతన్నాది, సూడండి” అంటూ తెచ్చేవాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. వీటన్నిటి తర్వాతే కత్తి ఆకారం. ఆకారాన్ని చూసి మోసపోయినవాళ్లు చాలామంది. ఆ చాలామందిలో ఒకడి కథే ఇది.

ఆ రోజు మధ్యాహ్నం ఒకావిడ స్కూటర్ దిగి, పాత దుప్పట్లో చుట్టిన పొడుగాటి మూట నా బల్ల మీద పెట్టింది. పేరు అరుణ. గజపతినగరం దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. ముప్పై అయిదు, ముప్పై ఆరేళ్లుంటాయి.

“ఇదేటో సూసి సెప్పాల మావయ్యా.”

దుప్పటి విప్పాను. ఎర్ర తోలు ఒర, రంగు వెలిసిపోయి ఇటుక పొడిలా ఉంది. ఒర నుంచి కత్తి లాగాను. లాగడమంటే నిటారుగా రాదు. చేతిని గుండ్రంగా తిప్పుతూ తియ్యాలి, పాముల బుట్టలోంచి పామును తీసినట్టు. పూర్తిగా బయటికి వచ్చాక చూస్తే, నెలవంకను ఇంకాస్త వంచితే ఎలా ఉంటుందో అలా ఉంది. పిడి నల్లటి కర్ర. చేతివేళ్లకు అడ్డంగా ఉండే కమ్మీ లేదు, కింద గుండ్రటి బిళ్ల లేదు.

“ఎక్కడిదమ్మా ఇది?”

“మా అటక మీదిది. ఇంటికి సున్నాలేయిస్తంటే బయటపడ్డాది. పాతినప సామాన్లోడికి ఇచ్చీమంతంది మా యమ్మ. ఊర్లో అందరూ ఇది నాటకాల కత్తి అంతారు. మా నాన్న మాత్రం ఒకప్పుడు ఆఫ్రికానుంచి తెచ్చినానని సెప్పీవారట. తర్వాత సెప్పడం మానీసినారు. మొన్న నానడిగితే మొహం అటు తిప్పీసుకున్నారు.” ఆ అమ్మాయి నా మొహంలోకి చూసింది. “నాకు ఒక్కటి తెలిస్తే సాలు మావయ్యా. మా నాన్న అబద్ధమాడినారా, నేదా?”

వాళ్ల నాన్న జగన్నాథం మేష్టారు. వయసు డెబ్భై ఎనిమిది. కుర్రతనంలో నాలుగేళ్లు ఇథియోపియాలో లెక్కలు చెప్పి వచ్చారు. ఆ రోజుల్లో ఆ దేశంవాళ్లు మన దేశం నుంచి మేష్టర్లను పిలిపించుకునేవారు. మన జిల్లాల నుంచి కూడా బీఈడీలు చదివినవాళ్లు కొందరు అలా ఓడెక్కారు. అంతవరకు ఎవరూ కాదనరు. తగువంతా కత్తి దగ్గరే.

నేను ఆ కత్తిని ఒక్క చూపు చూసి, “ఇది ఇథియోపియా కత్తి. దీన్ని షోటెల్ అంటారు” అని చెప్పేశాను.

అలా చెప్పేశానని కొట్లో అందరికీ చెప్పుకుంటాను. మీ దగ్గర దాచను. ఒక్క చూపు కాదు, మూడు రోజులు పట్టింది. ఆ రోజు నేను అన్నది, “మంగళవారం రామ్మా, చూసి పెడతాను” అని మాత్రమే.

ఆ మూడు రోజులూ నాకు అన్నం సహించలేదు. అంత హుషారుగా ఉంది. మొదటి రోజు, అది ఏది కాదో తేల్చాను. కొడవలి కాదు. కొడవలికి లోపలి వంపులోనే పదును ఉంటుంది, దీనికి లోపలా బయటా రెండు వైపులా ఉంది. మధ్యలో మామిడాకుకు ఉన్నట్టు పొడుగునా ఈనె లేచి ఉంది. ఒడిశా వైపు అమ్మవారి దగ్గర వేటపోతులను కొట్టే కత్తి కూడా కాదు. దానికి బరువు కావాలి, ఇది చెరుకు గడంత తేలిక. మన తల్వారు అంతకన్నా కాదు. ఇక నాటకాల కత్తి. నాటకాల కత్తి రేకు. దానికి పదును పెడితే రాజు పాత్రధారి రెండో అంకానికి మిగలడు. దీని టాంగ్ పిడిని నిలువునా దూసుకుపోయి, అవతల మొన వంగి ఉంది. రేకుముక్కకు అంత చాకిరీ ఎవరూ చెయ్యరు. ఇది మనిషి ప్రాణం కోసం చేసిన కత్తి.

రెండో రోజు ఒర సంగతి. తోలు పట్టీ ఉంది కదా అని నడుముకు కట్టుకుని చూశాను. కుడిచేతి వాటం మనిషి కత్తిని ఎడమ పక్క కట్టుకుంటాడు. కట్టుకుని రెండడుగులు వేశానో లేదో, ఒర అడ్డం తిరిగి మొన ముందుకు వచ్చింది. మూడో అడుగుకు ఇత్తడి బిందెలన్నీ దొర్లిపోయాయి. పట్టీ తిరగేశాను, అయినా అదే వరస. పట్టు దొరకలేదు. చివరికి విసుగొచ్చి కుడి పక్కకు కట్టాను. కత్తి బుద్ధిగా తొడ పక్కన వాలిపోయింది, పెంపుడు పిల్లిలా. పట్టీ కుట్లు కూడా ఆ పక్కకే ఒరిగి ఉన్నాయి. దీన్ని కుట్టినవాడు మనిషి కుడి నడుమును చూసి కుట్టాడు! కత్తిని కుడి పక్క కట్టుకునే దేశం ఎక్కడుంది?

మూడో రోజు మా కొట్టు వెనక గదిలో చెదలు తినగా మిగిలిన పుస్తకాలు తిరగేశాను. ఏదో దివాణం సామాన్లతో పాటు వచ్చిన ఆయుధాల క్యాటలాగ్ ఒకటి దొరికింది. గీతల బొమ్మలు. ఆఫ్రికా భాగం తీస్తే ఏం చెప్పమంటారు! సూడానువాళ్ల కస్కరా అట, నిటారుగా, అడ్డకమ్మీతో శిలువలా ఉంది. సహారా ఎడారి త్వారెగ్‌లది తకూబా, దాని ఒర పిడి అంతా తోలు అల్లికే. కాంగో వైపు ఎన్‌గులు అని ఒకటి ఉంది, కొస దగ్గర కొక్కెంలా చీలి, చూస్తేనే గుండె జారుతుంది. ఘనావాళ్ల ఆఫెనా కర్ర పిడికి బంగారు రేకు తొడుగు. దర్బారులో పట్టుకునే కత్తికి పదునే పెట్టరట. పరువుకు పదునెందుకు! అలా తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. నా బల్ల మీది కత్తే కాగితం మీద ఉంది. అదే వంపు, అదే ఈనె, అదే కర్ర పిడి. కింద పేరు షోటెల్. అబిసీనియా, అంటే ఇప్పటి ఇథియోపియా. కుడి పక్క ధరిస్తారు అని కూడా రాసి ఉంది. డెబ్భై ఒక్కేళ్ల వయసులో నేను కొట్లో గెంతాను. టీ కొట్టాయన వచ్చి “ఏటైనాది గురువుగారూ, ఎలకా?” అని అడిగాడు.

మంగళవారం అరుణ వచ్చింది. వంపు ఎందుకో చూపిస్తానని ఆమె చేతికి పెద్ద ఇత్తడి పళ్లెం ఇచ్చి, డాలులా అడ్డం పెట్టుకోమన్నాను. ఒక ఇనుప ఊచను ఆ కత్తి వంపులోనే వంచి పెట్టుకున్నాను ముందే. దాన్ని మెల్లగా పళ్లెం మీదికి పోనిచ్చాను. మామూలు కత్తయితే పళ్లెం దగ్గరే ఆగిపోవాలి. ఊచ మొన పళ్లెం అంచు దాటి, లోపలికి తిరిగి, వెళ్లి ఆమె భుజాన్ని తాకింది.

“ఓలమ్మో!” అని పళ్లెం వదిలేసింది. తర్వాత చప్పున కళ్లు తుడుచుకుంది. “అయితే మా నాన్న నిజఁవే సెప్పినారు.”

“నిజఁవే. స్టాంపేసి మరీ రాసిస్తాను.”

“స్టాంపంటే గుర్తొచ్చినాది మావయ్యా. నా సిన్నప్పుడు ఎవుడో ఇజీనారం నిపుణుడట, ఇది నాటకాల కత్తని స్టాంపేసి మరీ రాసిచ్చినాడట. ఆడి సెయ్యి ఇరిగిపోను.”

“ఇరిగిపోవాల్సిందేనమ్మా,” అన్నాను నేను.

ఇక్కడ అసలు సంగతి ఒప్పుకోవాలి. మూడు రోజులను ఒక్క చూపు అన్నది చిన్న అబద్ధం. పెద్దది ఇది. నేను ఆ కత్తిని చూడడం అది మొదటిసారి కాదు. మొదటి రోజు ఒరలోంచి కత్తి లాగినప్పుడు దాంతో పాటు మడత పెట్టిన పసుపుపచ్చ కాగితం ఒకటి జారి కింద పడింది. ఆ పిల్ల చూడకముందే నేను దాని మీద కాలు వేశాను. ఆమె వెళ్లాక తీసి చదివాను. “ఈ కత్తి వీధి భాగవతంలో రాక్షస వేషానికి వాడునది. ఆఫ్రికాతో ఏ సంబంధమూ లేదు.” కింద స్టాంపు: పురాతన వస్తు నిపుణుడు. పక్కన నా సంతకం.

1990లో జరిగింది అది. జగన్నాథం మేష్టారి భార్యకు అన్న అప్పలనాయుడని ఉన్నాడు. మేష్టారు అతనికి బావ, అతను మేష్టారికి బావ. మా వైపు బావల సరసాలకు హద్దుండదు కదా. మేష్టారు ఇథియోపియా కబురు ఎత్తినప్పుడల్లా “సాలూరు సంతలో కొన్న కత్తికి ఇన్ని కబుర్లా” అని ఇతను ఏడిపించేవాడు. చివరికి పందెం పడింది. కత్తి ఆఫ్రికాదైతే అప్పలనాయుడు బావను భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పాలి. కాకపోతే మేష్టారు వేటపోతును కోయించాలి. తీర్పు కోసం అప్పలనాయుడు ఒక్కడే కత్తి పట్టుకుని నా కొట్టుకు వచ్చాడు.

“సూసి సెప్పు మూర్తీ, ఇదేటి?”

చూశాను. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. తెలీదు అనాలి. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. కొత్తగా స్టాంపు చేయించుకున్న రోజులవి. నిపుణుడు అని చెక్కించుకున్నవాడు తెలీదంటే స్టాంపు నవ్వదా? పైగా అప్పలనాయుడు కన్ను గీటాడు. పదును నా వేలికి తగిలింది కూడా. రేకు కాదని తెలుసు. అయినా రాసిచ్చేశాను. మూడో రోజున అడ్డాకులో చుట్టి తొడ మాంసం మా ఇంటికి వచ్చింది. తిన్నాను. బాగుంది కూడా.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఏం జరిగిందో నాకు తెలీదు, అడగనూ లేదు. ముప్పై మూడేళ్ల తర్వాత అరుణ చెబితే తెలిసింది. పిల్లలు కూడా ఆయన్ను నాటకాల మేష్టారు అనేవారట. ఆయన కత్తిని ఒరలో పెట్టి అటకెక్కించి, ఆ దేశం పేరు ఎత్తడమే మానేశారట. నా చీటీ కూడా అందులోనే పెట్టారని ఆమెకు తెలీదు. నాలుగేళ్ల బతుకు మొత్తం అటక మీద. కూతురికి ఒక్క కబురు కూడా చెప్పలేదు.

“ఆదివారం మీరు మా ఊరొచ్చి, మా మావ ముందర ఈ ముక్క సెప్పాల,” అంది అరుణ. వస్తానన్నాను. నా ఎత్తు ఏమిటంటే, వెళ్లడం, క్యాటలాగ్ చూపించి మెప్పు పొందడం, పాత చీటీ సంగతి ఎత్తకుండా తిరిగి రావడం. అప్పలనాయుడికి కళ్లు మసకలు కమ్మాయని కూడా కనుక్కున్నాను.

ఆదివారం ఉదయం గజపతినగరంలో బస్సు దిగి ఆటోలో వెళ్లాను. అరుగు మీద జగన్నాథం మేష్టారు, సన్నగా, నిటారుగా. ఎదురుగా కుర్చీలో అప్పలనాయుడు, కర్ర మీద గెడ్డం ఆనించి. నేను కత్తి తీసి, ఈనె చూపించి, కుడి పక్క కట్టి, పళ్లెం ఆట కూడా ఆడాను. కంఠం ఎత్తి చెప్పాను. మేష్టారు నేలకేసి చూస్తూ కూర్చున్నారు.

అప్పలనాయుడు అంతా విని కర్ర నేలకు కొట్టాడు. “ఇయన్నీ నానొప్పను. ఆ యాల ఇజీనారం నిపుణుడు స్టాంపేసి రాసిచ్చినాడు. మరి నువ్వెవుడివి బాబూ? మా మేనగోడలు తోలుకొస్తే వచ్చినావు. నువ్వు దాని మాటే సెప్తావు.”

“ఈ పుస్తకం చూడండి...”

“నాకు కళ్లు అగుపించవు. ఆ నిపుణుణ్ణి తోలుకు రా. ఆడు కాదంటే నానూ కాదంతాను. ఆడు స్టాంపున్నోడు!”

మేష్టారు లేచారు. “ఇంక వొగ్గీయండి. నాను ముందే సెప్పినాను అరుణకి,” అంటూ లోపలికి నడిచారు. వాకిలి గడప దాటబోతున్నారు. ఆ వీపును చూశాను. నేను రాసిన రెండు వాక్యాలు ముప్పై మూడేళ్లుగా ఆ వీపు మీదే ఉన్నాయి. నా కొత్త మాటను ఓడిస్తున్నది నా పాత స్టాంపే. దాన్ని కొట్టగలిగేవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు.

మొదటి రోజు నుంచి జేబులోనే తిరుగుతున్న పసుపుపచ్చ కాగితం తీశాను.

“నాయుడుగారూ, నేను కోట దగ్గర మూర్తిని. ఈ చీటీ నాదే. ఆ రోజు ఆ కత్తేమిటో నాకు తెలీదు. తెలీదని చెప్పడానికి సిగ్గేసి రాసిచ్చాను. తొడ మాంసం కూడా తిన్నాను.”

మేష్టారు గడపలోనే ఆగారు. అరుణ మొహంలో రంగు మారింది, ఆమె పెట్టిన శాపం నాకు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను.

“ఒరే మూర్తీ!” అన్నాడు అప్పలనాయుడు. “నాను కన్ను గీటింది ఆటకిరా. ‘నేదు నాయుడూ, ఇది నిజంగా బయట కత్తే’ అంటావనుకున్నాను. నువ్వు స్టాంపేసీసరికి నానూ నమ్మీసినాను కదరా!”

అది విన్నాక మేష్టారు వెనక్కి తిరిగారు. నా మీద కేకలు వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండేది. ఆయన నా దగ్గరికి వచ్చి, చీటీ తీసుకుని, లెక్కల పేపరు దిద్దినట్టు పైనుంచి కిందికి చదివి అన్నారు. “తెలీదు అనడానికి ఇంత కాగితం కూడా అక్కర్నేదు కదయ్యా.”

తర్వాత కత్తి అందుకున్నారు. చూడకుండానే పట్టీని కుడి నడుముకు కట్టేశారు. ఒక్క చేత్తో, ఒక్క లాగుతో. నాకు రెండో రోజు మొత్తం పట్టిన పని.

“తడెసె అని నా దగ్గర సదువుకున్న కుర్రాడు,” అన్నారు. “లెక్కల్లో మూడుసార్లు తప్పినాడు. సాయంత్రాలు కూకోబెట్టి సెప్పినాను, నాలుగోసారి గట్టెక్కినాడు. నాను వచ్చీ ముందర ఆడి తండ్రి కంచర గాడిద మీద పూట ప్రయాణం సేసి వచ్చి ఇది నా సేతుల్లో పెట్టినాడు. ఆళ్లకి మనలాగ ఇంటిపేర్లుండవు, పేరు పక్కన తండ్రి పేరు పెట్టుకుంతారు. ‘ఇది మా అయ్య కత్తి. మీ దేశంలో ఎవరడిగినా మా అయ్య పేరు సెప్పండి. అంతే,’ అన్నాడు. సెప్తానని మాటిచ్చినాను.” ఒర మీద చెయ్యి వేశారు. “ముప్పై మూడేళ్లు నాను ఆ పేరు సెప్పనేదు.”

“ఏ పేరు నాన్నా?” అంది అరుణ.

“అయెలె. ఇది అయెలె కత్తి.”

అప్పలనాయుడు కర్ర పక్కన పడేసి, కుర్చీలోంచి లేవడానికి తంటాలు పడుతూ, “పందెం పందెమే. ఎక్కు బావా నా భుజాల మీద,” అన్నాడు.

“నీ మోకాళ్లు నిన్నే మొయ్యలేకపోతన్నాయి, నన్నేటి మోస్తావు. కూకో.”

ఆ తర్వాత మేష్టారు చెప్పిన కబుర్లు వంటింట్లో పొయ్యి మీద కూర మాడేవరకు సాగాయి. ఆయన భార్య పైడమ్మగారు గరిటె పట్టుకునే వచ్చి నిలబడి విన్నారు. అందరికన్నా ఎక్కువ ప్రశ్నలు వేసింది అప్పలనాయుడే. వచ్చేటప్పుడు నేను కొత్త చీటీ రాశాను. కత్తి పేరు, దేశం, ధరించే పక్క. కింద మేష్టారు చెప్పగా ఆ పేరు కూడా. స్టాంపు వేద్దామని తీస్తే అరుణ వద్దంది. “మీ పేరు రాయండి సాలు,” అంది. మావయ్యా అనలేదు. ఈ మధ్యే మళ్లీ అంటోంది.

ఇప్పుడు నేను ఆఫ్రికా కత్తులన్నీ గుర్తుపడతానని సందులో పేరుంది. ఆ పేరు తెచ్చింది నేనే. నిజానికి చేత్తో పట్టుకున్నది ఒక్కటే, మిగతావన్నీ బొమ్మలు. ఈ వృత్తి నేర్పిన సంగతి ఏమిటంటారా? టాంగ్ చూశాను, ప్యాటినా చూశాను, ఈనె తడిమాను. కత్తిని అడగాల్సినవన్నీ అడిగాను. కానీ 1990లో ఆ కత్తి తెచ్చిన మనిషి బస్సులో గంట దూరంలో ఉన్నాడు. ఆయన్ను అడగాలని నాకు తోచలేదు.

మొన్న సాలూరు నుంచి ఒక లారీ డ్రైవరు గుడ్డలో చుట్టిన బాకు తెచ్చి “ఇదేటి తాతా?” అన్నాడు. కాసేపు తిప్పి తిప్పి చూశాను. నోట్లో మూడు దేశాల పేర్లు తిరిగాయి. మింగేశాను.

“తెలీదు,” అన్నాను. “కూకో. నీకెవరిచ్చారు, ఇచ్చేటప్పుడు ఏమన్నారు, ముందు అది చెప్పు.”